ఆరు వారాలుగా మా బాల్ పైథాన్ (పెంపుడు కొండచిలువ) ఏమీ తినట్లేదు, ఏం చేయాలి?

మేం డల్లాస్‌లో ఉంటాం. మా అబ్బాయి పోరు పడలేక నిరుడు ఒక బాల్ పైథాన్ తెచ్చాం. మగది, రెండేళ్లది. ఆరు వారాలుగా ఎలుకను ముట్టట్లేదు. ఫ్రీజర్‌లోది కరిగించి, వేడినీళ్లలో వెచ్చబెట్టి పటకారుతో అందిస్తే, వాసన చూసి తల తిప్పేసుకుంటోంది. ఆ ఎలుకల డబ్బాకి ఫ్రీజర్‌లో చోటివ్వడానికి మా ఆవిడ ఎలా ఒప్పుకుందో ఇప్పటికీ ఆశ్చర్యమే!

పెట్టెలో వెచ్చటి వైపు 90 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లటి వైపు 78, తేమ 60 శాతం. బరువు 820 గ్రాముల నుంచి 790కి దిగింది. నోట్లో నురగ లేదు, ఊపిరిలో ఈల శబ్దమూ లేదు. చలికాలంలో ఈ జాతి మగవి నెలల తరబడి పస్తుంటాయట, అయినా టెన్షనే. పోయిన నెల పెట్టె మార్చాం, అందుకేనా? ఎలుకను తరచూ చూపించాలా, రెండు వారాలు దాని మానాన వదిలేయాలా? ఎంత బరువు తగ్గితే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి? పెంచినవాళ్లు కాస్త చెప్పండి.