రైతుకు అర్థమయ్యేలా ఉద్గారాల లెక్క ఎలా చెప్పాలి?

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ముత్తుకూరు ప్రాంతం. కృష్ణపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు మా మేడ మీదికి కనిపిస్తాయి. వాటిని చూస్తూనే మొన్న మా మామయ్యతో పెద్ద వాదన జరిగింది. "బొగ్గు కాల్చి బాగుపడింది అమెరికా, ఐరోపా. తగ్గించాల్సింది మనమా?" అంటారు ఆయన. అందులో న్యాయం ఉంది. మన తలసరి ఉద్గారాలు, అంటే భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు, అమెరికావాటిలో ఐదో వంతు కూడా లేవు.

చిక్కు మరోచోట వచ్చింది. 2005తో పోలిస్తే 2030 నాటికి 45 శాతం తగ్గిస్తామని 2022లో మన దేశం ప్రకటించింది ఉద్గారాల తీవ్రత గురించి, అంటే జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే మోతాదు గురించి. మొత్తం ఉద్గారాలు పెరుగుతున్నా ఇది తగ్గవచ్చు. మామయ్యేమో బొగ్గులో దాదాపు సగం ఆపేస్తారనీ, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లకు కరెంటు ఉండదనీ నిజంగా భయపడుతున్నారు. తుపాను వస్తే రాత్రంతా చెరువు గట్టు మీదే ఉండే మనిషి. వాతావరణం మారుతోందని ఆయనకు నేను చెప్పనక్కర్లేదు.

మేత, దిగుబడి లెక్కతో పోల్చి ఈ తీవ్రతను వివరించవచ్చా? 2070 నాటి నికర శూన్య లక్ష్యాన్ని (వెలువడే వాయువులూ, వాతావరణం నుంచి తొలగించేవీ సమానం కావడం) దీనితో ఎలా ముడిపెట్టాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.