బోరు నీటి మెంబ్రేన్‌ను మార్కెట్‌లోకి తేవడం ఎలా?

ప్రశ్న: హైదరాబాద్‌లోని మా బృందం ఉప్పుతో పాటు ఫ్లోరైడ్‌నూ తగ్గించే మెంబ్రేన్‌ను (నీటిని వడగట్టే పలుచని పొరను) రూపొందించింది. ప్రయోగశాలలో ఫలితాలు బాగున్నా కొనేవారు ముందుకు రావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: ప్రయోగశాలలో ఉప్పు కలిపిన శుద్ధజలం వేరు, కాల్షియం, సిలికా నిండిన బోరు నీరు వేరు, మెంబ్రేన్‌పై తెల్లటి పొలుసు కట్టి, ఒత్తిడి పెంచితే తప్ప నీరు దిగని స్థితి వస్తుంది కనుక, నల్లగొండ జిల్లా వంటి చోట అసలు నీటితోనే కొన్ని నెలలు నడిపి, ఆ లెక్కలు చూపండి. తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలనూ సంప్రదించండి.

జవాబు 2: తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే వనరు లేనప్పుడు 1.5 మించరాదని బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం. దానికన్నా నన్ను కలవరపెట్టేది వడగట్టాక మిగిలే చిక్కటి ఉప్పునీరు: సముద్రం లేని మనం దాన్ని ఎక్కడ వదలాలి?

జవాబు 3: అందుకే ముందు పరిశ్రమలను కలవండి. వ్యర్థజలం బయటకు వదలరాదన్న షరతు ఉన్న ఫ్యాక్టరీలు అలాంటి ఉప్పునీటి సంగతి ఎలాగూ చూసుకోవాల్సిందే, కనుక ఖర్చుకు వెనుకాడవు.