ఫిట్‌నెస్ బ్యాండ్ వల్ల కాలిన గాయం: పరికరాన్ని కంపెనీకి తిరిగి ఇవ్వవచ్చా?

పొడి మణికట్టుకు వదులుగా పెట్టుకున్న ఫిట్‌నెస్ బ్యాండ్ తెల్లవారుజామున ఒక్కసారిగా వేడెక్కడంతో, సెన్సార్ ఆనే చోట రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది. అది చెమట దద్దురు కాదనీ, వేడికి కాలిన గాయమేననీ చర్మవైద్యురాలు రాసిచ్చారు. ఆ చీటీ, ఫోటోలు, బిల్లు పంపినా కంపెనీ అలర్జీయేనని వాదిస్తూ, పాత బ్యాండ్ అప్పగిస్తేనే కొత్తది ఇస్తామంటోంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేసిన ఫిర్యాదునూ అదే జవాబుతో ముగించారు. 2022లో ఫిట్‌బిట్ ఐయానిక్ గడియారాలను కాలిన గాయాల కారణంగానే వెనక్కి పిలిపించారు కనుక, ఇది జరగరానిదేమీ కాదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద రెండేళ్ల లోపు పరిహారం కోరవచ్చనీ, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషనే వస్తువును సీలు చేయించి ప్రయోగశాలకు పంపుతుందనీ చదివాను. ఇలాంటి కేసు నడిపినవారు దయచేసి చెప్పండి: కమిషన్ ఆదేశించేవరకు బ్యాండ్‌ను కదపకుండా ఉంచాలా, లేక ముందే పరీక్ష చేయించి నివేదికను ఫిర్యాదుకు జతచేయాలా?