2013 నాటి 520డి కొంటే ఏయే మరమ్మతులు వస్తాయి, ఎంత ఖర్చవుతుంది?

ఎంవీపీ వాసి:

అందరికీ నమస్కారం. 2013లో తయారైన బీఎండబ్ల్యూ 520డి, ఎఫ్10 తరానికి చెందిన డీజిల్ కారు, 78 వేల కిలోమీటర్లు తిరిగినది, విశాఖపట్నం మధురవాడలో ఒక డీలరు దగ్గర అమ్మకానికి ఉంది. తొమ్మిదిన్నర లక్షలు చెబుతున్నారు. మొదట ఢిల్లీలో రిజిస్టరైన బండి. అక్కడి ఎన్‌ఓసీ (వేరే రాష్ట్రంలో రిజిస్టరు చేసుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రం) తమ దగ్గరే ఉందంటున్నారు. రంగు, సీట్లు, లోపలి పనితనం చూస్తే ఎక్కడా వంక పెట్టడానికి లేదు. నా సందేహం ధర గురించి కాదు. కొన్నాక రెండు మూడేళ్లలో ఏయే భాగాలు మార్చాల్సి వస్తుంది, బయట షెడ్డులో చేయిస్తే ఎంతవుతుంది అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు. రోజూ ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం వెళ్లి రావడం, అప్పుడప్పుడు శ్రీకాకుళం ప్రయాణం, ఇంతే నా వాడకం.

ఆటోనగర్ మెకానిక్:

ఎంవీపీ వాసి గారూ, ముందు ఇంజిను సంగతి చూడండి. ఈ కార్లలో చాలాకాలం వచ్చిన 1995 సీసీ ఇంజిన్ను ఎన్47 అంటారు. దీని టైమింగ్ చైను (వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే గొలుసు) ముందువైపు కాకుండా వెనుక, గేరుబాక్సు పక్కన ఉంటుంది కాబట్టి, అది అరిగితే మార్చడానికి గేరుబాక్సునో, ఏకంగా ఇంజిన్నో దించక తప్పదు. సామానుకు అయ్యేదానికి దీటుగా కూలీ అయ్యేది అందుకే. 2011కు ముందు తయారైన ఇంజిన్లలో ఈ అరుగుదల ఎక్కువ. తరువాతివాటిలో తగ్గిందే గాని పూర్తిగా పోలేదు. బయట చేయిస్తే లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా అనుకోండి. చైను తెగేదాకా వస్తే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది.

అందుకని రాత్రంతా ఆగి ఉన్న కారును పొద్దున్నే మీ ఎదుటే స్టార్టు చేయించండి. బానెట్ ఎత్తి, డ్యాష్‌బోర్డు వైపు, అంటే ఇంజిను వెనుక భాగాన చెవి పెట్టి, మరొకరిని యాక్సిలరేటరు నెమ్మదిగా తొక్కమనండి. 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య రేకు డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు గలగల వినిపిస్తే ఆ బండి జోలికి పోవద్దు. వేడెక్కిన ఇంజినులో ఈ చప్పుడు చాలాసార్లు అణిగిపోతుంది. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే మరో రోజు చెప్పకుండా వెళ్లండి.

తరువాత ఈజీఆర్ కూలరు, అంటే ఇంజిన్లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే భాగం. ఇందులో పగులు వచ్చి కూలెంటు కారితే, అది మసితో కలిసి పేరుకుని మంటలకు దారితీయవచ్చు. 2018లో దక్షిణ కొరియాలో ఇలా కార్లు తగలబడినప్పుడే కంపెనీ లక్షకు పైగా బళ్లను వెనక్కి పిలిచింది. కింద ఎక్కడా చుక్క కనబడకపోయినా ట్యాంకులో కూలెంటు తగ్గుతూ ఉంటే ముందు దీన్నే అనుమానించాలి. ఛాసిస్ నంబరు ఇచ్చి, ఆ కారుకు రీకాల్ పనులేవైనా మిగిలి ఉన్నాయేమో కంపెనీ సర్వీసు కేంద్రంలో అడగండి. ఎంవీపీ నుంచి సిరిపురం అంటే ఇంజిను సరిగా వేడెక్కకముందే ఆఫీసు వచ్చేస్తుంది. అలాంటి వాడకంలో ఈజీఆర్‌లోనూ, ఇంజిన్లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డులోనూ మసి త్వరగా పట్టేస్తుంది. అది శుభ్రం చేయించడానికి పాతిక వేల లోపే అవుతుంది గాని, మీ రోజువారీ దారికి డీజిల్ బండి అవసరమా అన్నది కూడా ఆలోచించమని నా మనవి.

గేరుబాక్సు మాత్రం నమ్మదగినది. జెడ్‌ఎఫ్ వారి ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. ఆయిల్ జీవితకాలం వస్తుందని కారు కంపెనీ చెప్పినా, గేరుబాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ వారు 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. అంటే మీరు కొనగానే ఆ పని పడుతుంది. ఫిల్టరు, అడుగున ఆయిల్ నిలిచే ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది కనుక పాన్ మొత్తం మార్చాలి. ఇంజిను నడుస్తుండగా, ఆయిల్ వేడి, కారు కంప్యూటరును చదివే స్కానరులో చూసుకుంటూ మట్టం సరిచేయాలి. నలభై నుంచి అరవై వేలవుతుంది. స్కానరు లేకుండా చేస్తామనేవారికి ఈ పని అప్పగించకండి.

సీతమ్మధార:

నా దగ్గర ఉన్నది ఇదే స్థాయి జర్మన్ కారు, మరో కంపెనీది. పెద్ద మరమ్మతు ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఏటా జేబు ఖాళీ చేసేవి చిన్నవే. రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంతదూరం నడిచేవి) నాలుగూ ఒకేసారి మారిస్తే 70 వేల నుంచి లక్ష. ఈ టైర్ల అంచులు గట్టిగా ఉండడం వల్ల గోతిలో పడినప్పుడు దెబ్బ అల్లాయ్ చక్రానికి తగులుతుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చదవండి: 3519 అంటే 2019లో 35వ వారం. అరగకపోయినా అంత పాత టైర్లు మార్చాల్సిందే. బ్యాటరీ సామాన్యమైనది పనికిరాదు. మార్చాక స్కానరుతో కారులో నమోదు చేయించకపోతే కొత్తది కూడా త్వరగా పాడవుతుంది.

బీమా విషయంలో ఒక మాట. ఇంత పాత కారుకు జీరో డిప్రిసియేషన్ (భాగాల పాతదనానికి కోత వేయకుండా చెల్లించే బీమా) సాధారణంగా దొరకదు. అది లేనప్పుడు ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే చెల్లిస్తారు. పదేళ్లు దాటితే లోహ భాగాలకూ అంతే. హెడ్‌లైటు ఒక్కటి పగిలినా మీ చేతి నుంచి పెద్ద మొత్తమే పడుతుంది. కాబట్టి కారు ధర కాక మూడు లక్షలు విడిగా బ్యాంకులో ఉంటేనే కొనండి. ఆ సొమ్ము ఉంటే ఈ కారు ఇచ్చే సుఖం ఆ ధరలో మరే కొత్త కారూ ఇవ్వదని నేను మనస్ఫూర్తిగా చెప్పగలను.

గాజువాక:

ఢిల్లీ బండి అన్నారు కనుక రాస్తున్నాను. పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై అక్కడి ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ భయంతోనే మంచి బళ్లు కూడా చవకగా దక్షిణాదికి వచ్చాయి కాబట్టి, తక్కువ ధర ఒక్కటే చూసి బండి పాడైందనుకోనక్కరలేదు. కానీ 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం ఆంధ్రప్రదేశ్ నంబరు తీసుకోవాలి, జీవిత పన్ను కట్టాలి. ఆ మొత్తం ఎంతో రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, ధరలో కలుపుకొని బేరమాడండి. 2028లో పదిహేనేళ్లు నిండగానే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కూడా వస్తుంది.

బండి మధ్యలో ఎక్కడెక్కడ తిరిగిందో కూడా కనుక్కోండి. 2024 సెప్టెంబరులో విజయవాడ వరదల్లో మునిగిన కార్లు ఎన్నో. సీటు బెల్టును చివరిదాకా లాగి అడుగున బురద మరక ఉందేమో చూడండి. డిక్కీలో కార్పెట్ ఎత్తి బ్యాటరీ చుట్టూ, సీట్ల కింద పట్టాల మీద తుప్పు చూడండి. ఉప్పుగాలి మన ఊళ్లో ఎలాగూ తప్పదు గనుక, లిఫ్టు మీద ఎత్తించి బ్రేకు పైపులు చూడకుండా డబ్బు కట్టకండి.

ఎంవీపీ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. డీలరుకు ఫోన్ చేశాను. పొద్దున్నే స్టార్టు చేసి చూపించడానికి ఒప్పుకున్నారు గాని, బయటి మెకానిక్ స్కానరు పెట్టడానికి ఇష్టపడడం లేదు.

ఆటోనగర్ మెకానిక్:

అలాగైతే కంపెనీ సర్వీసు కేంద్రంలోనే తనిఖీ చేయిద్దామని, రుసుము మీరే కడతానని చెప్పండి. సర్వీసు చరిత్ర, అసలు తిరిగిన కిలోమీటర్లు కూడా అక్కడే బయటపడతాయి. దానికీ ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి. ఈ తరం 520డిలు హైదరాబాదులో కూడా దొరుకుతాయి.