న్యూజిలాండ్‌లో మొదటిసారి మోటర్‌హోమ్: బెంగళూరు నుంచి వెళ్ళేవాళ్ళకి ఏమేం తెలిసుండాలి?

జయనగర్ లలిత
ఏప్రిల్ చివర్లో, పిల్లల సెలవులకి, పదకొండు రోజుల ప్లాన్. క్రైస్ట్‌చర్చ్‌లో మోటర్‌హోమ్ (పడకలు, వంటిల్లు, టాయిలెట్ లోపలే ఉండే బండి) అద్దెకి తీసుకుని టెకపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, మిల్‌ఫర్డ్ సౌండ్ చూసి మళ్ళీ అక్కడే అప్పజెప్పాలి. పెద్దవాళ్ళం ఇద్దరం, పిల్లలకి తొమ్మిదేళ్ళు, ఐదేళ్ళు. నాలుగు బెర్తుల డీజిల్ బండి. లైసెన్స్, వంట, కరెంటు, టాయిలెట్ గురించి తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కేఆర్ పురం మూర్తి
లలితగారూ, కర్ణాటక లైసెన్స్ కార్డు మీద వివరాలు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి అక్కడ చెల్లుతుంది. అయినా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా చేతిలో పెట్టుకోండి, కౌంటర్లో ప్రశ్నలు తగ్గుతాయి. సారథి పోర్టల్లో ఫారం 4ఎ, పాస్‌పోర్ట్, వీసా కాపీలతో మీ ఆర్‌టీఓలో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. ఆంధ్రా, తెలంగాణ లైసెన్స్‌తో ఇక్కడ ఉంటున్నవాళ్ళు అడ్రసు సంగతి ముందే తేల్చుకోవాలి. ప్రయాణం వారం ఉందనగా మొదలుపెడితే పని జరగదు.

అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి, అది పెద్ద వెసులుబాటు. సైజు అంటారా, మన టెంపో ట్రావెలర్‌ని ఊహించుకోండి. తేడా అంతా వెనకాల ఉంది. వెనక చక్రాల తర్వాత కూడా బాడీ చాలా పొడుగుంటుంది, స్టీరింగ్ కుడికి తిప్పితే తోక ఎడమకి ఊగుతుంది. బంకులో పంపు పక్కనుంచి బయటికి తిప్పేటప్పుడు డొక్క చీరుకునేది ఇందుకే. ముందు బండి పొడుగంతా నేరుగా పోనిచ్చి, ఆ తర్వాత తిప్పండి. ఎత్తు మూడు మీటర్లు దాటుతుంది కాబట్టి కప్పున్న పార్కింగ్‌లోకి వద్దు. అసలు ఎత్తు ఎంతో చీటీ రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి.

హైవే మీద 100 అని బోర్డున్నా, 3,500 కిలోలు దాటిన బండికి 90 కి.మీ.యే పరిమితి. సౌత్ ఐలాండ్‌లో ఒంటి వరస వంతెనలు చాలా వస్తాయి. ఎర్ర అంచు గుండ్రటి బోర్డులో మీ వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మీరు ఆగాలి. నీలం బోర్డులో మీ బాణం పెద్దగా, తెల్లగా ఉంటే మీకే దారి, అయినా ఎదురుగా ఎవరూ ఎక్కేయలేదని చూసుకునే ఎక్కండి.

ఐదేళ్ళ పాపకి చైల్డ్ సీటు తప్పనిసరి. ఏడేళ్ళు నిండేదాకా అక్కడ చట్టమే అంత. బండి బుక్ చేసేటప్పుడే అడగండి. బండి కదులుతుండగా వెనక లేచి టీ పెట్టడం, బెర్తు మీద పడుకోవడం కుదరదు. అందరూ బెల్టులోనే ఉండాలి.

వైట్‌ఫీల్డ్ వోల్టు
కరెంటు గురించి నేను చెప్తాను. బండిలో రెండు వ్యవస్థలు ఉంటాయి. లైట్లు, నీళ్ళ పంపు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. గోడ ప్లగ్గులు 230 వోల్టులవి, క్యాంపులో కేబుల్ తగిలిస్తేనే పనిచేస్తాయి. కాబట్టి రైస్ కుక్కర్, మిక్సీ వాడాలంటే పవర్డ్ సైట్, అంటే క్యాంపులో కరెంటు ఉన్న చోటు, ఉండాలి. మౌంట్ కుక్ దగ్గర వైట్ హార్స్ హిల్ క్యాంపులో కరెంటు లేదు, ఆ రాత్రికి చట్నీ ముందే రుబ్బి పెట్టుకోండి.

పవర్డ్ సైట్లో కేబుల్ తగిలించే కరెంటు పోస్టు మామూలుగా 16 ఆంపియర్లు, అంటే దాదాపు 3,600 వాట్లు. 2,000 వాట్ల హీటరు, 2,000 వాట్ల కెటిల్ కలిసి వేస్తే ట్రిప్ అవుతుంది. కెటిల్ పెట్టేముందు హీటరు ఆపండి. ట్రిప్ అయితే బండిలోని బ్రేకరే కాదు, బయట పోస్టులోనిదీ చూడాలి. వోల్టేజీ మనదే, ప్లగ్గు మాత్రం వాలు పిన్నులది, అడాప్టర్లు రెండు తీసుకెళ్ళండి.

హెబ్బాళ్ పద్మ
టాయిలెట్ దగ్గర మొహమాటం వద్దు, మనవాళ్ళు ఇబ్బంది పడేది ఇక్కడే. టాయిలెట్ కింద మలినం చేరే డబ్బాని క్యాసెట్ అంటారు, అది 18 లీటర్లు, అటూఇటూగా. మగ్గుతో నీళ్ళు వాడే అలవాటుతో నలుగురికి ఒక్క రోజులోనే నిండిపోవచ్చు. పెద్ద మగ్గు మానేసి మూతకి చిల్లులున్న అర లీటరు సీసా వాడండి. పగలు దారిలో పబ్లిక్ టాయిలెట్లు శుభ్రంగానే ఉంటాయి, వాటినే వాడుకోండి.

ఖాళీ చేయడం ఇలా. లోపల బ్లేడు (టాయిలెట్ అడుగున ఉండే జారుడు మూత) మూయకుండా క్యాసెట్ బయటికి రాదు, బలవంతంగా లాగితే సీలు పోతుంది. బయట తలుపు తీసి క్యాసెట్ లాగి, డంప్ స్టేషన్‌లో (ఇలాంటి మలినం పారబోయడానికి పెట్టిన చోటులో) మూతి తిప్పి, గాలి బటన్ బొటనవేలితో నొక్కి పట్టుకుని వంచండి. ఆ బటన్ వదిలేస్తే గుడగుడమని ఎగిరి కాళ్ళ మీద పడుతుంది. కడిగాక రెండు లీటర్ల నీళ్ళు, కొలత ప్రకారం టాయిలెట్ మందు పోసి పెట్టండి. రబ్బరు గ్లవ్స్ ఒక ప్యాకెట్ ఇక్కడినుంచే కొనుక్కెళ్ళండి. డంప్ దగ్గరున్న కుళాయి కడగడానికే, తాగేనీళ్ళ ట్యాంకు దానితో నింపకూడదు.

ఊరి బయట ఉచితంగా ఆగాలంటే ఆకుపచ్చ సెల్ఫ్ కంటెయిన్డ్ వారంట్ (టాయిలెట్, నీళ్ళు, మురుగు అన్నీ బండిలోనే పెట్టుకోగలదనే ధ్రువపత్రం) ఉన్న బండి అయ్యుండాలి. అదున్నా ఎక్కడంటే అక్కడ కుదరదు, ఆ ఊరి కౌన్సిల్ నియమం చూడాలి.

జయనగర్ లలిత
పద్మగారూ, చాలా థ్యాంక్సండీ. వంట సంగతి? ఆవకాయ, పొడులు తీసుకెళ్ళొచ్చా? కుక్కర్ పనికొస్తుందా?

హెబ్బాళ్ పద్మ
తినేది ఏదైనా సరే, అరైవల్ ఫారంలో డిక్లేర్ చేయండి. చెప్పకుండా పట్టుబడితే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా అక్కడికక్కడే. చెప్పి చూపిస్తే, మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. ఇంట్లో కట్టిన పొట్లాలు కాకుండా, లేబులున్న సీలు ప్యాకెట్లు తీసుకెళ్తే పని తేలిక. తేనె అసలు వద్దు. బియ్యం, పప్పు అక్కడ దొరుకుతాయి, బరువు మోయకండి.

మూడు లీటర్ల కుక్కర్ బండి స్టవ్ మీద సరిగ్గా కూర్చుంటుంది. పోపు పెట్టేముందు కప్పు కిటికీ, పక్క కిటికీ రెండూ తెరవండి, లేకపోతే ఎండుమిర్చి ఘాటుకే స్మోక్ అలారం మోగుతుంది. బండిలో పూరీలు, వడలు వద్దు. క్యాంపుల్లో ఉమ్మడి వంటిల్లు ఉంటుంది, నూనె పని అక్కడ పెట్టుకోండి. గిన్నెలు కడిగేముందు నూనె, మెతుకులు కాగితంతో తుడిచేయాలి. లేకపోతే వాడిన నీళ్ళ ట్యాంకు మూడో రోజుకే కంపు కొట్టి, సింకు దిగదు.

కేఆర్ పురం మూర్తి
మిల్‌ఫర్డ్ గురించి ఒకటి మర్చిపోయాను. క్వీన్స్‌టౌన్ నుంచి అది దాదాపు 290 కి.మీ., ఒకవైపే నాలుగు గంటలు, ఈ బండితో ఇంకా ఎక్కువ. ఏప్రిల్ చివర్లో సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడుతుంది. ఒక్క రోజులో వెళ్ళి రావడం వద్దు, దారిలో ఉన్న టె అనావ్ ఊళ్ళో రెండు రాత్రులు పెట్టుకోండి. డీజిల్ ట్యాంకు అక్కడే నింపుకోండి. మిల్‌ఫర్డ్ దారిలోని హోమర్ టన్నెల్ దగ్గర ఆగితే కీయా అనే పచ్చ చిలకలు వస్తాయి, తలుపుల రబ్బరు పీకేస్తాయి. వాటికి తిండి పెట్టకండి, బండి వదిలి దూరం పోకండి.

ఇన్సూరెన్స్‌లో పైకప్పు, బండి అడుగుభాగం కవర్ అవుతాయో లేదో చదవండి, చాలా పాలసీల్లో ఉండవు. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిపర్స్ రోడ్ లాంటి దారుల్లో బండి తోలకూడదని ఒప్పందంలోనే రాస్తారు. డిపాజిట్ కోసం డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డు కావాలి, లిమిట్ చూసుకోండి. డీజిల్ బండికి కి.మీ. లెక్కన రోడ్డు పన్ను కూడా చివర్లో కట్టించుకుంటారు, బడ్జెట్లో కలుపుకోండి.

వైట్‌ఫీల్డ్ వోల్టు
బండి తీసుకునే రోజు ఇంకేమీ పెట్టుకోకండి. మనకీ వాళ్ళకీ ఆరున్నర గంటల తేడా, పైగా రాత్రి విమానం. మొదటి రాత్రి క్రైస్ట్‌చర్చ్‌లోనే పవర్డ్ సైట్లో పడుకోండి. బండి ఇచ్చే డిపోలో సిబ్బంది చూపిస్తున్నదంతా ఫోన్‌లో వీడియో తీయండి. క్యాసెట్ బయటికి తీసి మళ్ళీ పెట్టడం మీ చేత్తో చేసి చూడండి. డీజిల్ మూత ఏదో, తాగేనీళ్ళ మూత ఏదో ఫొటో తీసి పెట్టుకోండి. కొన్ని బండ్లలో రెండూ ఒకే వైపు ఉంటాయి. నీళ్ళ ట్యాంకులో డీజిల్ పడిందా, వాసన పోవడం చాలా కష్టం. డీజిల్ ట్యాంకులో నీళ్ళు పోస్తే మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు, అక్కడే ఆగి డిపోకి ఫోన్ చేయండి.