బైపాస్ గాయం తడిగా ఉంటోంది, రక్తం పల్చబడే గోలీల వల్లనేనా?

దేవరకొండ_పిల్లగాడు:
మా నాయినకు బైపాస్ అయి 22 రోజులు. ఆస్ప్రిన్ 75, టికాగ్రెలార్ 90 పొద్దున, రాత్రి వేస్తున్నాం. మొన్నటి నుంచి ఛాతీ కుట్ల కింది కొసన నీరు కారి బనియన్‌కు మరక అవుతోంది, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది. చూడొచ్చిన చుట్టాలంతా ఒకటే మాట, ఆ గోలీలు వేస్తే గాయం మానదు, నాలుగు రోజులు ఆపండి అని. టెన్షన్‌గా ఉంది, ఎవరికైనా ఇట్లా అయిందా?

వనపర్తి_అక్క:
తమ్మీ, నీ అంతట నువ్వు ఆపకు. మా అమ్మకు ఆపరేషన్‌కు 5 రోజుల ముందు క్లోపిడోగ్రెల్ (అదీ రక్తం పల్చబడే గోలీయే) ఆపించారు, అయినా ఆ రాత్రి రక్తం ఆగక మళ్లీ తెరిచి, రక్తం ఎక్కించారు, తర్వాత గాయం చీము పట్టింది. రక్తం ఎక్కువ పోయినా, ఎక్కించినా ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుందని డాక్టర్ చెప్పారు. అయితే మా ఇంట్లో అసలు దొంగ షుగర్. నాయినకు షుగర్ చూశారా?

నల్గొండ_మెడికల్‌షాప్:
చుట్టాల లెక్క తలకిందులైనట్టుంది. ఈ రెండు గోలీలను పోల్చిన, 2009లో వచ్చిన ప్లాటో అనే పరిశోధనలో బైపాస్ చేయించుకున్న 1,261 మందిని తర్వాత విడిగా చూస్తే, క్లోపిడోగ్రెల్ వాళ్లకంటే టికాగ్రెలార్ వాళ్లలో ఇన్‌ఫెక్షన్ చావులు తక్కువ. 2019లో బెల్జియం వాళ్లు ల్యాబ్‌లో టికాగ్రెలార్ కొన్ని బ్యాక్టీరియాను చంపుతుందని కూడా చూపించారు, కాకపోతే గోలీ వేసుకుంటే రక్తంలో ఉండేదానికంటే చాలా ఎక్కువ మోతాదులో. అంటే యాంటీబయాటిక్ బదులు పనికొస్తుందని కాదు. టికాగ్రెలార్‌తో కొందరికి ఆయాసం వస్తుంది, అది కూడా డాక్టర్‌కు చెప్పు.

జడ్చర్ల_రిటైర్డ్:
దగ్గితే రొమ్ము ఎముక టిక్కుమంటోందా? టిక్కుమంటే రేపటి దాకా ఆగొద్దు. జ్వరం ఉంది కాబట్టి ఎట్లాగూ ఇవాళే ఆపరేషన్ చేసిన చోటికే తీసుకుపో, ఊళ్లో డ్రెస్సింగ్‌తో సరిపెట్టకు.

దేవరకొండ_పిల్లగాడు:
నిన్న రాత్రే హైదరాబాద్ పోయాం. షుగర్ 312! మాకు తెలియకుండా పక్కింట్లో తియ్యటి చాయ్ తాగుతున్నాడట. ఎముక గట్టిగానే ఉంది, పైపొరలోనే చీము. రెండు కుట్లు విప్పి కడిగి, చీమును ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకు (కల్చర్) పంపారు, యాంటీబయాటిక్, ఇన్సులిన్ మొదలుపెట్టారు. రెండు గోలీలూ ఒక్క పూట కూడా తప్పొద్దన్నారు. చుట్టాలకు ఫోన్ చేసి చెప్తే, మరి వేపాకు నీళ్లతో కడిగారా అని అడిగారు.