అంతస్తరమా, అంతఃస్తరమా?

చదువరి: క్లాసులో మా సార్ నోట్సు చెబుతూ అన్న ఒక వాక్యం రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. గుండె ధమనుల లోపలి పొర గురించి. ‘రక్తపు ఒరిపిడిని అంతస్తరమే పసిగడుతుంది’ అన్నారు. మధ్యలో విసర్గ పలికారా?

పంతులు: పలికే ఉంటారు. అంతర్ + స్తరం. అంతఃపురం, అంతఃకరణం లాగే.

వ్యాకరణప్రియ: మాస్టారూ, అక్కడ విసర్గ తర్వాత పకారం, కకారం. ఇక్కడ సకారం, దాని వెనకే తకారం. అలాంటి చోట విసర్గ లోపించవచ్చని పాణిని సూత్రాలకి అనుబంధంగా చెప్పిన వార్తికమే ఉంది. అంతః + స్థ అయినా య, ర, ల, వలను అంతస్థలు అనడం లేదా?

పంతులు: లేదనలేదండీ. విసర్గ లేకపోతే చదివేవాళ్లకి మేడ మీది అంతస్తు గుర్తొస్తుందని నా బాధ.

నాడి: నాకు స్తరంతోనే పేచీ. స్తరమంటే పరిచి ఉన్నది. ఈ పొర మందం ఒక్క కణమే, కానీ ఊరికే పడి ఉండదు. 1980లో అమెరికా శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్క మీద నాడులు వదిలే రసాయనం అసిటైల్‌కొలీన్ వేసి చూపించాడు. పొర ఉంటే ముక్క సడలింది, రుద్ది తీసేస్తే సడలలేదు. సడలించేది నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. 1998 నోబెల్ దానికే. గుండె కండరం విశ్రాంతిలోనే రక్తంలోని ఆక్సిజన్‌ను 70 శాతం దాకా లాగేసుకుంటుంది. పని పెరిగితే రక్తమే ఎక్కువ రావాలి. వేగంగా పారే రక్తం ఒరుసుకోగానే ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, చుట్టూ ఉన్న కండరం సడలి ధమని విచ్చుకుంటుంది. కొవ్వు పేరుకుని పొర దెబ్బతిన్న చోట అదే అసిటైల్‌కొలీన్‌కి ధమని బిగుసుకుంటుంది.

దారప్పోగు: బట్టకి లోపల వేసే అస్తరు ఉందిగా, అదే వాడొచ్చు. అస్తరు, స్తరం ఒకే మూలానివని నా అనుమానం.

వ్యాకరణప్రియ: మూలార్థం పట్టుకుంటే చిక్కే. ఎండోథీలియం అని 1865లో ఈ పొరకి పేరు పెట్టింది స్విట్జర్లాండ్ శరీరశాస్త్రవేత్త విల్‌హెల్మ్ హిస్. అందులో ‘థీలీ’ అంటే గ్రీకులో చనుమొన!

చదువరి: ఇప్పుడు ఇంకో అనుమానం. సార్ అన్నది ఒరిపిడా, రాపిడా?

పంతులు: ఒరిపిడే అయ్యుండాలి. రాపిడి అరగదీస్తుంది. ఒరయడం వేరు, బంగారాన్ని ఒరగల్లు మీద గీసి చూడటం. గోడ రక్తాన్ని అలాగే చూస్తోంది కదా.

వ్యాకరణప్రియ: అయితే ‘ఒరపిడి’ అని రాయాలి మాస్టారూ. ‘రి’ ఎక్కడిది?